క్విల్టు గుడ్డల నిల్వ

క్విల్టు గుడ్డల నిల్వ అనగా అతుకుల బొంతలు కుట్టేవారు ముందు ముందు వాడుకొనడానికి ఇంటిలో కూడబెట్టుకున్న గుడ్డలను రకాలవారీగా అమర్చి, పాడు కాకుండా దాచుకొనే పద్ధతి. అమెరికాలో ఇటువంటి గుడ్డల రాశిని "స్టాష్" అని పిలుస్తారు. ఎవరి కంటా పడకుండా దాచుకున్న సొమ్ము అని ఆ మాటకు అర్థం. కొన్న గుడ్డను ఇంట్లోవాళ్ళు చూడకముందే బీరువాలోకి చేర్చే అలవాటు మీద అక్కడి క్విల్టర్లు చెప్పుకొనే ఛలోక్తులకు లెక్క లేదు.

క్విల్టులో మూడు పొరలు ఉంటాయి. పైన ముక్కలు అతికి కుట్టిన పొర, మధ్యలో దూది పొర (దీనిని బ్యాటింగ్ అంటారు), అడుగున ఆస్తరు గుడ్డ. మూడింటినీ కలిపి కుట్టే కుట్టునే క్విల్టింగ్ అంటారు. మన బొంతకూ దీనికీ పోలిక ఉన్నది కాని, మన బొంత పాత చీరలు, పంచెలు ఒకదాని మీద ఒకటి పరచి కుట్టినది. క్విల్టుకు రంగు రంగుల ముక్కలు లెక్క ప్రకారం కత్తిరించుకోవాలి. ఒక్క క్విల్టులోనే యాభై, అరవై రకాల గుడ్డలు ఉండవచ్చు. కావలసిన రంగు కావలసినప్పుడు అంగడిలో దొరకదు. ఒక అచ్చు ఒకసారి వచ్చి పోతే మళ్ళీ రావడం అరుదు. అందువలననే దాచుకొనే అవసరం ఏర్పడింది. దాచిన గుడ్డ పదేళ్ళ తరువాత తీసి చూస్తే మడత వెంట వెలిసిపోయి, గోధుమరంగు మరకలు పడి, పట్టుకుంటే చిరిగిపోయే స్థితిలో ఉంటే దాచి ఏమి లాభం? ఈ వ్యాసంలో ముఖ్యంగా చెప్పబోయేది ఆ నష్టం ఎలా జరుగుతుందో, దానిని ఎలా తప్పించవచ్చో.

చరిత్ర

గుడ్డ ముక్కలను బంగారంలా దాచుకొనడం వెనుక తెలుగువారికి సంబంధించిన కథ ఒకటి ఉన్నది. 17, 18 శతాబ్దాలలో మచిలీపట్నం మొదలైన కోరమాండల్ తీరపు రేవుల నుండి కలంకారీ అద్దకపు గుడ్డలు ఓడల మీద యూరపుకు వెళ్ళేవి. ఉతికినా పోని రంగులు గల నూలు గుడ్డ అక్కడివారికి కొత్త. ఆ మోజు వలన తమ ఉన్ని, పట్టు పరిశ్రమలు దెబ్బ తింటున్నాయని ఫ్రాన్సు 1686లో ఈ గుడ్డలను నిషేధించింది. ఆ నిషేధం 1759 వరకు సాగింది. ఇంగ్లండు 1700లో ఒక చట్టం, 1721లో మరింత కఠినమైన చట్టం చేసింది. దొరకని గుడ్డ విలువ పెరుగుతుంది కదా! చిరిగిపోయిన పరదాలు, దుప్పట్ల నుండి పువ్వులు, పిట్టలు, చెట్టు కొమ్మలు కత్తిరించి, వేరే సాదా గుడ్డ మీద పరచి, అంచులు కుట్టే పని వ్యాప్తి చెందింది. దీనిని "బ్రోడరీ పెర్స్" అంటారు. పేరుకు పర్షియా కుట్టు అయినా అందులోని గుడ్డ చాలావరకు హిందూదేశపుది. ఈ పని అమెరికాకు కూడా చేరి 19వ శతాబ్దపు తొలి సగంలో అక్కడి సంపన్నుల క్విల్టులలో కనిపిస్తుంది.

పేదల ఇళ్ళలో నిల్వ వేరు. 1920ల నుండి 1950ల వరకు అమెరికా పల్లెల్లో పిండి, పంచదార, కోళ్ళ దాణా నూలు సంచులలో వచ్చేవి. సంచి కుట్లు విప్పితే గజం పైచిలుకు గుడ్డ దొరికేది. ఆడవారు వాటితో గౌన్లు, తలగడ గలేబులు కుడుతున్నారని తెలిసి మిల్లులవారు పువ్వుల అచ్చులు వేసిన సంచులను తెచ్చారు. ఒకే అచ్చు సంచులు మూడో నాలుగో పోగైతే గాని ఒక గౌను తేలేది కాదు కాబట్టి ఇరుగు పొరుగులు సంచులను మార్చుకొనేవారు. కాగితపు సంచులు చౌకగా వచ్చాక ఈ పద్ధతి కనుమరుగైంది.

అలబామా రాష్ట్రంలో నది వంపులో ఉన్న జీస్ బెండ్ అనే నల్లజాతివారి పల్లె క్విల్టులు నేడు ప్రపంచ ప్రసిద్ధం. 2002లో హ్యూస్టన్ లలితకళల మ్యూజియంలోను, తరువాత న్యూయార్కులోని విట్నీ మ్యూజియంలోను వాటిని ప్రదర్శించారు. అక్కడ కొని దాచిన గుడ్డ అనేది లేదు. అరిగిపోయిన పొలం పని బట్టలే నిల్వ. మిస్సోరీ పెట్‌వే అనే ఆమె భర్త చనిపోయిన తరువాత, 1942లో, ఆయన పని బట్టలతో ఒక క్విల్టు కుట్టింది. చొక్కా జేబు ఉన్నచోట ఎండ సోకక ముదురుగా మిగిలిన రంగు, మోకాలి దగ్గర అరుగుదల ఇటువంటి పని బట్టల క్విల్టులలో అలాగే కనిపిస్తాయి. 1972లో సియర్స్ కంపెనీకి కార్డురాయ్ దిండు గలేబులు కుట్టే పని ఆ ప్రాంతపు ఫ్రీడం క్విల్టింగ్ బీ సహకార సంఘానికి దొరికింది. ఆ పనిలో మిగిలిన కార్డురాయ్ ముక్కలు ఇళ్ళకు చేరడంతో ఆ దశాబ్దపు జీస్ బెండ్ క్విల్టుల రూపమే మారిపోయింది. ఏ కాలంలో ఏ ముక్కలు చేతికి అందితే ఆ కాలపు క్విల్టు అలా ఉంటుంది.

కొన్న గుడ్డను గుట్టలుగా దాచే నేటి అలవాటు 1970ల తరువాతిది. 1971లో విట్నీ మ్యూజియంలో పాత క్విల్టులను చిత్రాలవలె గోడకు వేలాడదీసి చూపారు. 1976లో అమెరికా స్వాతంత్ర్య ద్విశతాబ్ది వచ్చింది. రెండూ కలిసి క్విల్టు మీద ఆసక్తిని పునరుద్ధరించాయి. 1979లో జపానుకు చెందిన ఓల్ఫా కంపెనీ చక్రం ఆకారపు కత్తిని (రోటరీ కట్టర్) విడుదల చేసింది. కత్తెరతో ఒక పూట పట్టే పని అరగంటలో అవుతున్నది. కత్తిరించడం తేలికైన కొద్దీ కొనడం కూడా పెరిగింది.

కొలతలు

నిల్వను అమర్చే ముందు గుడ్డ ఏ కొలతలలో వస్తుందో తెలియాలి. క్విల్టు నూలు గుడ్డ పన్నా సాధారణంగా 42 నుండి 44 అంగుళాలు. అమెరికాలో గజాల లెక్కన అమ్ముతారు. గజం అంటే 36 అంగుళాలు. పావు గజం కోయమంటే 9 అంగుళాల వెడల్పు, 44 అంగుళాల పొడవు గల పీలిక వస్తుంది. అందులో పెద్ద పువ్వు పట్టదు. అందుకని అర గజం ముక్కను మధ్యకు నిలువునా కోసి 18 × 22 అంగుళాల ముక్కగా అమ్ముతారు. దీనిని "ఫ్యాట్ క్వార్టర్" అంటారు. విస్తీర్ణం రెండింటికీ ఒకటే, ఆకారమే వేరు. ఇవి కాక ముందే కోసి కట్టలు కట్టి అమ్మేవి కలవు. 5 అంగుళాల చదరాలు "చార్మ్ ప్యాక్", 10 అంగుళాల చదరాలు "లేయర్ కేక్", రెండున్నర అంగుళాల పీలికలను చుట్టగా చుట్టినది "జెల్లీ రోల్".

గుడ్డను కొలవడం కంటే తూచడం తేలిక. క్విల్టు నూలు గుడ్డ చదరపు మీటరుకు సుమారు 140 గ్రాములు ఉంటుంది. కాబట్టి ఒక గజం ముక్క ఇంచుమించు 140 నుండి 150 గ్రాములు తూగుతుంది. కిలోకు ఏడు గజాలు అనుకుంటే పెద్ద తప్పు ఉండదు. ఒక పెట్టెను వంటింటి కాటా మీద తూచి, ఖాళీ పెట్టె బరువు తీసివేస్తే లోపల ఎన్ని గజాలున్నదీ తెలిసిపోతుంది. ఇద్దరు పడుకొనే మంచానికి 90 × 100 అంగుళాల క్విల్టు కుట్టడానికి పై పొరకు 9, 10 గజాలు, అడుగు గుడ్డకు 8 గజాలకు పైన పడుతుంది. మొత్తం 18 గజాలు, అంటే రెండున్నర కిలోలు. 400 గజాల నిల్వ ఉన్నవారు అటువంటివి 22 కుట్టాలి. ఏడాదికి ఒకటి కుట్టేవారికి 22 ఏళ్ళు. ఈ లెక్క వేసుకొని నివ్వెరపోయినవారే, ఆయుర్దాయానికి మించి పోగైన నిల్వ అనే అర్థంలో "సేబుల్" అనే పొడిమాటను సృష్టించి ఉంటారు.

ఉతికి దాచాలా, ఉతకకుండా దాచాలా

ఈ విషయంలో క్విల్టర్లలో రెండు పక్షాలు ఉన్నాయి, రాజీ కుదిరే సూచన లేదు. కొత్త నూలు గుడ్డ మొదటి ఉతుకులో నూటికి రెండు నుండి అయిదు వంతుల దాకా కుదించుకుపోతుంది. ఎరుపు, ముదురు నీలం రంగులు దిగుతాయి. తెల్ల గుడ్డ పక్కన ఎర్ర ముక్క వేసి నెలల తరబడి కుట్టిన క్విల్టును మొదటిసారి ఉతికినప్పుడు అంతా గులాబి రంగుకు తిరిగితే కుట్టినవారి బాధ వర్ణించనక్కరలేదు. ఉతకకుండా కుట్టే పక్షంవారి వాదన ఏమంటే, మిల్లులో పెట్టిన గంజి బిగువు ఉంటేనే ముక్క సూటిగా తెగుతుంది, కుట్టు వంకర పోదు. పైగా కుట్టిన తరువాత ఉతికితే వచ్చే ముడతలే పాతకాలపు క్విల్టుకు అందం.

నిల్వ దృష్టితో చూస్తే ఉతికి దాచడమే మేలు. మిల్లు గంజి పురుగులకు ఆహారం. ముడతలు పోవడానికి గుడ్డకు పట్టించే రసాయనాలలో కొన్ని మెల్లగా ఫార్మాల్డిహైడ్ వాయువును విడుస్తాయి. మూసిన అలమర తెరవగానే కళ్ళు మండటానికి ఇది ఒక కారణం కావచ్చు. ఉతికిన గుడ్డకు మళ్ళీ గంజి పెట్టి దాచకూడదు. గంజి, ఇస్త్రీ కుట్టబోయే ముందు చేసుకోవలసిన పనులు. ముందే కోసి వచ్చే చిన్న ముక్కలను మాత్రం ఉతకరాదు. అంచుల పోగులు ఊడి, కొలత తప్పి దేనికీ పనికిరాకుండా పోతాయి. ఉతికినవీ ఉతకనివీ కలిసిపోకుండా ఉండాలంటే ఉతికిన ప్రతి ముక్కకూ ఒక మూల చిన్నగా కత్తిరించే గుర్తు చాలామంది పాటిస్తారు. చీటీ ఊడిపోతుంది, కత్తిరించిన మూల ఊడిపోదు.

గుడ్డకు శత్రువులు

వెలుతురు: రంగుకు మొదటి శత్రువు ఇదే. సూర్యరశ్మిలోని అతినీలలోహిత కిరణాలు రంగు అణువులను విడగొడతాయి, నూలు పోగును కూడా బలహీనపరుస్తాయి. ట్యూబు లైటులో కూడా ఈ కిరణాలు కొంత ఉంటాయి. వెలుతురు చేసే హాని కూడుతూ పోతుందే గాని చీకటిలో పెట్టినంత మాత్రాన తిరిగి నయం కాదు. తలుపు లేని అరలలో ఇంద్రధనుస్సులా అమర్చిన గుడ్డలు ఫొటోకు బాగుంటాయి. కాని ఏడాది గడిచాక ఒక ముక్క మడత విప్పి చూస్తే బయటకు కనబడిన అంచు వెంట పాలిపోయిన గీత కనబడుతుంది. ఊదా, గులాబి రంగులు త్వరగా పోతాయి. అరలకు తలుపులు లేకపోతే ముందు ఒక దళసరి తెర వేలాడదీసినా చాలు.

ఆమ్లం: ఇది కంటికి కనబడనిది, అందువలననే ఎక్కువమంది పట్టించుకోనిది. చెక్కలోను, చవక అట్టలోను లిగ్నిన్ అనే పదార్థం ఉంటుంది. పాత వార్తాపత్రిక పసుపు పచ్చగా మారడానికి కారణం ఇదే. చెక్క అర, అట్టపెట్టె నుండి వెలువడే ఆమ్లాలు తమను ఆనుకొని ఉన్న గుడ్డలోకి దిగి, కొన్నేళ్ళకు గోధుమరంగు చారలు పుట్టిస్తాయి. చార పడినచోట పోగు పెళుసుగా మారుతుంది. మన ఇళ్ళలో బీరువా అరలలో వార్తాపత్రికలు పరచి పైన పట్టుచీరలు పెట్టే అలవాటు ఉన్నది. అది వెంటనే మానుకోవలసిన అలవాటు. కాగితానికి బదులు ఉతికిన తెల్లటి నూలు గుడ్డ పరచి, ఏడాదికి ఒకసారి దానిని ఉతికి మార్చుకుంటే సరిపోతుంది. మ్యూజియంలలో ఆమ్లరహితమైన పలుచని కాగితం వాడతారు. ఇందులో రెండు రకాలు కలవు. క్షారం కలిపినది నూలుకు మంచిది, పట్టుకు, ఉన్నికి క్షారం కలపనిదే వాడాలి.

ప్లాస్టిక్కులన్నీ ఒకటి కావు. పాలిప్రొపిలీన్, పాలిఎథిలీన్ పెట్టెలు నిరపాయం. పీవీసీ సంచులు పాతబడిన కొద్దీ హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరి విడుస్తాయి, జిగురెక్కుతాయి. కొత్త దుప్పట్లతో పాటు వచ్చే, ఘాటు వాసన గల మెత్తని పారదర్శక సంచులు చాలావరకు ఈ రకానివే. డ్రైక్లీనింగు దుకాణంవారు తొడిగి ఇచ్చే పలుచని సంచి ఇంటికి తెచ్చేవరకే, దాచడానికి కాదు.

చెమ్మ: గాలిలో తేమ 65 శాతం దాటి కొన్నాళ్ళు నిలిస్తే బూజు పడుతుంది. 50 శాతం దగ్గర ఉంచగలిగితే మంచిది. అమెరికాలో నేలమాళిగ, అటక రెండూ గుడ్డల నిల్వకు పనికిరావు. మొదటిదానిలో చెమ్మ, రెండవదానిలో వేడి. ఇంట్లో మనుషులకు హాయిగా ఉండే గదే గుడ్డలకూ హాయి. గాలి చొరని ప్లాస్టిక్ పెట్టెలో పెట్టే ముందు గుడ్డ పూర్తిగా ఆరి ఉండాలి. ఇస్త్రీ చేసిన వెంటనే, వేడి ఆవిరితో ఉన్న గుడ్డను పెట్టి మూత వేస్తే లోపలే చెమ్మ పడుతుంది. కనీసం ఒక రాత్రి ఆరనివ్వాలి. బయటి గోడకు ఆనించి, నేల మీద పెట్టెలు పెట్టరాదు. కుళాయి గొట్టం పగిలినా, వాన నీరు వచ్చినా ముందు తడిసేది నేల మీది పెట్టే.

పురుగులు: చిమ్మట పురుగులు, కార్పెట్ పురుగులు తినేది ఉన్ని, పట్టు. శుభ్రమైన నూలును అవి ముట్టవు. చెమట, తిండి మరకలు ఉంటే మాత్రం వాటికోసం నూలును కూడా కొరుకుతాయి. వెండి రంగులో చేపపిల్లలా జారిపోయే సిల్వర్‌ఫిష్ గంజి కోసం వస్తుంది. కొత్తగా తెచ్చిన పాత గుడ్డలను, సంతలో కొన్న ఉన్ని ముక్కలను పాత నిల్వలో వెంటనే కలపకూడదు. వాటిని ప్లాస్టిక్ సంచిలో గట్టిగా మూసి, మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ ఉండే ఫ్రీజరులో రెండు వారాలు ఉంచితే గుడ్లతో సహా చస్తాయి. బయటకు తీశాక గది వేడికి వచ్చేవరకు సంచి విప్పకూడదు, విప్పితే గుడ్డ మీద మంచునీరు పడుతుంది.

కలరా ఉండలు, పసిపిల్లలు

మన దేశంలో గుడ్డలు దాచడం అంటే కలరా ఉండలు వేయడం అన్నంతగా అలవాటైపోయింది. ఇవి నాఫ్తలీన్‌తో చేసినవి. చిమ్మటలను చంపే మాట నిజమే కాని, దానికి గాలి చొరని పెట్టె, ఎక్కువ మోతాదు కావాలి. అలమరలో నాలుగు ఉండలు వేస్తే వాసన మనకు వస్తుంది, పురుగుకు పెద్దగా ఏమీ కాదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2002లో నాఫ్తలీన్‌ను మానవులలో క్యాన్సర్ కలిగించే అవకాశం గల పదార్థాల జాబితాలో చేర్చింది.

అంతకంటే తక్షణమైన ప్రమాదం పసిపిల్లలకు. కొందరికి పుట్టుకతోనే జీ6పీడీ అనే ఎంజైము తక్కువగా ఉంటుంది. మలేరియా ఎక్కువగా ఉండిన ప్రాంతాల జనాభాలో, మన దేశంలో కూడా, ఈ లోపం కనిపిస్తుంది. ఎక్కువగా మగపిల్లలలో బయటపడుతుంది. ఇటువంటి శిశువును నాఫ్తలీన్ ఆవిరి పట్టిన గుడ్డలలో చుడితే ఎర్ర రక్తకణాలు పగిలిపోయి, కామెర్లు ముదిరి మెదడుకు, ప్రాణానికి ముప్పు రావచ్చు. వైద్య గ్రంథాలలో ఇటువంటి సంఘటనలు నమోదై ఉన్నాయి. ఉండను బిడ్డ నోటిలో పెట్టుకొననక్కరలేదు, గుడ్డకు పట్టిన ఆవిరే చాలు. పురిటి బిడ్డకు అమ్మమ్మ పెట్టెలో నుండి తీసిన మెత్తటి పాత గుడ్డలు, బొంతలు వాడటం మనకూ ఉన్న ఆచారమే. క్విల్టర్లు ఎక్కువగా కుట్టే బహుమతి కూడా పసిపిల్లల క్విల్టే. కాబట్టి బిడ్డల కోసం కుట్టే గుడ్డలు ఉన్నచోట కలరా ఉండలు అసలు వేయరాదు. పూర్వం వేసి ఉంటే, ఆ గుడ్డలను కుట్టకముందే వాసన పూర్తిగా పోయేవరకు ఆరుబయట గాలికి ఆరవేసి, పలుమార్లు ఉతకాలి. వాసన ఇంకా ఉంటే పసిపిల్లల పనికి వాడవద్దు.

దేవదారు జాతి చెక్క వాసనకు పురుగు రాదనే నమ్మకం అమెరికాలో ఉన్నది. కొత్త చెక్కకు కొంత గుణం ఉన్నా నూనె ఆరిన కొద్దీ అది తగ్గిపోతుంది, చెక్క నూనె తగిలితే గుడ్డకు మరక కూడా. మన ఎండు వేపాకు, వట్టివేళ్ళ పొట్లాలు పురుగును చంపవు. కొంత దూరం ఉంచుతాయేమో. వేసుకొనదలచినవారు పలుచని గుడ్డ సంచిలో వేసి, గుడ్డకు ఆనకుండా పెట్టాలి. నిజంగా పనిచేసే ఉపాయం ఒకటే, శుభ్రం చేసి పెట్టడం, మూడు నాలుగు నెలలకు ఒకసారి తీసి చూడటం.

మడత పెట్టడం

అరల కొలతకు తగినట్లు అన్ని మడతలూ ఒకే కొలతలో ఉండాలి. క్విల్టర్లు ఇందుకు తమ దగ్గర ఎలాగూ ఉండే 6 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల పొడవు గల గీతల పలకను వాడుకుంటారు. తాను నుండి కోసిన గజం గుడ్డ మధ్యకు మడిచి 22 × 36 అంగుళాలుగా ఉంటుంది. పలకను ఒక చివర పెట్టి, 36 అంగుళాల పొడవునా దొర్లిస్తూ చుట్టి, పలకను మెల్లగా బయటకు లాగితే 6 × 22 అంగుళాల పట్టీ మిగులుతుంది. దానిని మధ్యకు మడిస్తే 6 × 11 అంగుళాల పొట్లం. గాలితో కలిపి ముప్పావు అంగుళం మందం అనుకుంటే, 30 అంగుళాల అరలో పుస్తకాలవలె నిలబెట్టి 40 గజాలు సర్దవచ్చు. ఒకదాని మీద ఒకటి దొంతర పెడితే అడుగు గుడ్డ కావలసి వచ్చినప్పుడల్లా దొంతర కూలుతుంది. నిలువుగా పెడితే ఏది తీసినా పక్కది కదలదు.

ఇంకొందరు అట్ట మీద చుట్టి చిన్న తానులు చేసుకుంటారు. బొమ్మల కథల పత్రికలు సేకరించేవారు వాడే ఆమ్లరహితమైన అట్టలు, 6 ముప్పావు × 10న్నర అంగుళాలవి, దీనికి సరిగ్గా సరిపోతాయని ఎవరు కనిపెట్టారో గాని ఆ అట్టలు అమ్మే దుకాణాలకు క్విల్టర్లు కొత్త ఖాతాదారులయ్యారు. చివరను గుండుసూదితో గుచ్చరాదు. సూది తుప్పు పట్టి, తుప్పు చుట్టూ గుడ్డ చిల్లు పడుతుంది. రబ్బరు బ్యాండు అంతకంటే చెడ్డది.

ఒకే మడత ఏళ్ళ తరబడి ఉంటే పోగులు అక్కడే విరుగుతాయి. ఏడాదికి ఒకటి రెండుసార్లు విప్పి, మడత గీత మార్చి మళ్ళీ పెట్టాలి. పట్టు, జరీ విషయంలో ఇది మరీ ముఖ్యం. మన ఇళ్ళలో పట్టుచీరలను అప్పుడప్పుడు తీసి మడతలు మార్చే పెద్దవారు ఈ సూత్రాన్నే పాటిస్తున్నారు. గాలి లాగివేసి బిగించే సంచులు చోటు కలిసి వస్తుందని కొంటారు. అందులో మడత కత్తి గాటులా పడుతుంది, మధ్య పొరకు వాడే దూది తన ఉబ్బును పోగొట్టుకుంటుంది.

ఏ క్రమంలో అమర్చాలి

దీనికి ఒకే సమాధానం లేదు, కుట్టేవారు గుడ్డను ఎలా వెదుకుతారో అలాగే అమర్చాలి. ఎక్కువమంది రంగు ప్రకారం అమరుస్తారు. అయితే క్విల్టు నమూనా కంటికి తెలిసేది రంగు వలన కంటే ముదురు లేత తేడా వలన. నక్షత్రం ఎరుపైనా నీలమైనా, నేల దానికంటే లేతగా ఉంటేనే నక్షత్రం కనబడుతుంది. కాబట్టి ప్రతి రంగులోను లేత, మధ్యమ, ముదురు అని మూడు భాగాలు చేసుకోవాలి. అనుమానం ఉన్నచోట గుడ్డలను వరుసగా పరచి నలుపు తెలుపు ఫొటో తీసి చూస్తే ఏది ఎక్కడిదో తేలిపోతుంది. ఎర్రని పారదర్శక ప్లాస్టిక్ ముక్క గుండా చూసినా తెలుస్తుంది కాని ఎర్ర గుడ్డల విషయంలో ఆ చిట్కా మోసం చేస్తుంది.

బాతిక్, ఫ్లానెల్, పట్టు, ఉన్ని ఏ రంగువైనా వేరుగా ఉంచాలి. అడుగు గుడ్డకని కొన్న నాలుగైదు గజాల పెద్ద ముక్కలనూ వేరుగా ఉంచాలి, లేకపోతే ఒకనాడు తొందరలో వాటి మధ్య నుండి చదరం కోసేస్తారు. పాత గుడ్డలు సేకరించేవారు కాలం ప్రకారం అమరుస్తారు. గుడ్డ అచ్చును, రంగును బట్టి కాలం నిర్ణయించే పద్ధతిని బార్బరా బ్రాక్‌మన్ 1989లో వెలువడిన తన గ్రంథంలో వివరించింది. 19వ శతాబ్దపు గోధుమ, నలుపు రంగులలో ఇనుప లవణాలు వాడినవి ఉంటాయి. అవి కాలక్రమంలో గుడ్డనే తినివేస్తాయి. ఒకే అచ్చులో మిగతా రంగులు నిలిచి, గోధుమరంగు పువ్వులున్న చోట మాత్రం చిల్లులు పడిన క్విల్టులు మ్యూజియంలలో కనిపిస్తాయి. అటువంటి గుడ్డ దొరికితే ఎంత బాగా దాచినా ఆ క్షయం ఆగదు, చూసి ఆనందించడమే.

చిన్న ముక్కలు

కుట్టుకు అన్ని పక్కలా పావు అంగుళం పోతుంది. ఒకటిన్నర అంగుళాల చదరం కుట్టిన తరువాత ఒక అంగుళంగా కనబడుతుంది. ఒక అంగుళం ముక్క అర అంగుళంగా మిగులుతుంది. అందువలన ఒకటిన్నర అంగుళం కంటే చిన్నది చాలామంది పారవేస్తారు. పారవేయలేనివారు దిండులో కూరుతారు. ముక్కలను గోనె సంచిలో కుక్కి ఏదో ఒకనాడు చూద్దామనుకుంటే ఆ నాడు రాదు. ప్రతి పని ముగిసిన రోజునే మిగిలిన ముక్కలను ఒకటిన్నర, రెండు, రెండున్నర అంగుళాల పీలికలుగా కోసి కొలతవారీగా డబ్బాలలో వేయడం ఉత్తమం. బానీ హంటర్ అనే అమెరికన్ క్విల్టరు ఈ పద్ధతిని బాగా ప్రచారంలోకి తెచ్చింది. రంగు చూడవలసిన పని లేదు, కొలత కలిస్తే చాలు. డబ్బా నిండిందంటే ఒక క్విల్టుకు సిద్ధమైనట్లే.

జ్ఞాపకాల గుడ్డలు

ప్రతి నిల్వలోను కొనని గుడ్డలు కొన్ని ఉంటాయి. పోయినవారి చొక్కా, బిడ్డ మొదటి గౌను, అమ్మ చీర కొంగు. వీటిని మిగతా వాటితో కలపకూడదు. ఉతికి దాచమన్న సూత్రానికి ఇక్కడ మినహాయింపు కోరేవారు ఉన్నారు, ఉతికితే మనిషి వాసన పోతుందని. వారి బాధ అర్థం చేసుకోదగినదే కాని చెమట మరక ఏళ్ళు గడిచిన కొద్దీ పసుపు పచ్చబడి గుడ్డను కొరుకుతుంది, పురుగును పిలుస్తుంది. ఒక చిన్న ముక్క మాత్రం ఉతకకుండా వేరే డబ్బాలో ఉంచుకొని మిగతాది ఉతకడం మధ్యేమార్గం. ప్రతి పొట్లంలోను ఎవరి బట్ట, ఏ సంవత్సరంది, ఏ సందర్భంలోది అని ఆమ్లరహితమైన కాగితం మీద పెన్సిలుతో రాసి పెట్టాలి. పెన్ను సిరా చెమ్మకు గుడ్డలోకి దిగుతుంది. రాసి పెట్టకపోతే ఆ గుడ్డ ఎవరిదో తెలిసిన మనిషితోపాటే ఆ సంగతి కూడా పోతుంది. తరువాతివారికి అది పాత చొక్కా మాత్రమే. కుట్టేవారు మరణించాక అలమరలు ఖాళీ చేసే పిల్లలు మంచి గుడ్డనూ చెత్తనూ గుర్తించలేక మొత్తం సంచులకెత్తి పంపివేయడం అమెరికాలో తరచు జరిగేదే. ఏది ఎవరికి ఇవ్వాలో, ఏ క్విల్టు సంఘానికి చేర్చాలో ఒక కాగితం మీద రాసి అలమర తలుపు లోపలివైపు అంటించేవారు కలరు.

తెలుగు ఇళ్ళలో

ముక్కలు అతికే క్విల్టు మనకు కొత్త కావచ్చును గాని గుడ్డల నిల్వ కొత్త కాదు. పేరంటాలలో, నోములలో, పెళ్ళిళ్ళలో పెట్టిన రవికె గుడ్డలు ప్రతి ఇంట్లోను ఒక ట్రంకు పెట్టె నిండా ఉంటాయి. కొన్ని కుట్టించుకుంటారు, కొన్ని మళ్ళీ ఇంకొకరికి పెడతారు. ఒకే గుడ్డ నాలుగిళ్ళు తిరిగి మొదటి ఇంటికి చేరిన సందర్భాలూ లేకపోలేదు. ముప్పావు మీటరు నుండి మీటరు వరకు ఉండే ఈ గుడ్డలు క్విల్టుకు చక్కగా పనికి వస్తాయి. విదేశాలలో ఉన్న తెలుగువారు ప్రయాణంలో వెంట తీసుకుపోయినా పెట్టెలో బరువు తక్కువ.

అయితే వీటిలో నూలుతోపాటు పాలియెస్టరు కలిసినవి చాలా ఉంటాయి. నూలుకు పెట్టే ఇస్త్రీ వేడికి అవి ముడుచుకుపోతాయి. ఏది ఏమిటో తెలుసుకొనడానికి అంచు నుండి నాలుగు పోగులు లాగి, నీళ్ళ పళ్ళెం మీద చిమటాతో పట్టుకొని వెలిగించాలి. కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద రాలితే నూలు. వెంట్రుక కాలిన వాసన వస్తే పట్టు. కరిగి గట్టి పూసలా మిగిలితే పాలియెస్టరు. బూడిద, పూస రెండూ కనబడితే కలనేత. చూసిన వెంటనే ఆ గుడ్డ మూల మీద గుర్తు పెట్టుకొని వేరు వేరు అరలలో పెట్టుకోవాలి, లేకపోతే మరునాటికి మళ్ళీ పోగు కాల్చవలసి వస్తుంది.